చేపకు చలి తగిలిన క్షణం

లాబ్రడార్ తీరం. 1910ల నాటి ఒక చలికాలం. సముద్రపు పాయ గడ్డకట్టి నేలలా పరుచుకుంది. దాని మధ్యలో తవ్విన గుంత, గుంత అడుగున నల్లటి నీళ్లు. పక్కనే తోలు కోటు తొడుక్కున్న ఇన్యూట్ వేటగాడు ఒంగి, గాలపు దారాన్ని కొద్దికొద్దిగా ఆడిస్తున్నాడు. ఎముకలు కొరికే గాలి. చలి మైనస్ 40 డిగ్రీలు.

దారం బిగిసింది. వేటగాడు రెండు చేతులా లాగి చేపను మంచు మీద పడేశాడు. అది ఒకసారి ఎగిరిపడింది. తోక కొట్టింది. మళ్ళీ కొట్టబోయింది గానీ ఒళ్ళు సహకరించలేదు. పొలుసుల మీది తడి తెల్లగా పేరుకుంది, కళ్ళ మీద పొర కమ్మింది. కొద్దిసేపటికి చేతిలోకి తీసుకుంటే వంచినా వంగని గట్టిదనం. వేటగాడికి ఇందులో వింతేమీ లేదు. వాళ్ల తాతలూ ముత్తాతలూ ఇలాగే పట్టారు, ఇలాగే దాచుకున్నారు.

వింతగా చూసినవాడు పక్కన నిలబడిన తెల్లాయన. పేరు క్లారెన్స్ బర్డ్స్‌ఐ. ఆయన తర్వాత చెప్పుకున్న సంగతులను బట్టి ఆ రోజును మనం ఇలా కళ్ళకు కట్టుకోవచ్చు.

బర్డ్స్‌ఐ 1886లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో చేరాడు గానీ డబ్బుకు ఇబ్బందై చదువు మధ్యలో ఆగిపోయింది. జంతువులంటే, వాటి తోళ్లంటే, వాటి మాంసం రుచంటే ఆయనకు తగని ఆసక్తి. 1912లో లాబ్రడార్ వెళ్ళాడు. అక్కడి తీరం జనానికి వైద్యం చేస్తున్న విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ అనే డాక్టరుతో పరిచయమైంది. నక్కతోళ్ల వ్యాపారం లాభసాటిగా కనిపించి అక్కడే మకాం పెట్టాడు. కుక్కలు లాగే బండి మీద మంచులో పడి ఊరూరా తిరిగాడు. 1915లో ఎలినార్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఆమె, చేతిలో కొన్ని వారాల పసిబిడ్డతో, ఆ మంచు దేశానికి వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు చింత. పసివాడున్న ఇల్లు. ఆరేడు నెలలు పచ్చటి ఆకు కనిపించని చోటు. డబ్బాల్లో వచ్చే తిండి, ఉప్పు చేప, ఎండు చేప తప్ప ఇంకోటి దొరకదు. ఇంట్లో వాళ్లకు తాజా తిండి పెట్టాలన్న ఆరాటంతోనే ఆయన ఆ గుంత పక్కన బిగుసుకుపోయిన చేపను అంత శ్రద్ధగా చూశాడు.

ఆ చేపలను నెలల తరబడి దాచి, తర్వాత నీళ్లలో వేసి కరిగించి వండుకున్నారు. కండ విడిపోలేదు. నీళ్లు కారలేదు. అప్పుడే పట్టి తెచ్చిన రుచి. ఆయనకు ఇంకో సంగతి కూడా తట్టింది. నడి చలికాలంలో గడ్డకట్టిన చేపకూ, చలి ఇంకా ముదరకముందో, తగ్గుముఖం పట్టాకనో గడ్డకట్టిన చేపకూ రుచిలో తేడా ఉంది. మొదటిది కమ్మగా ఉంటే, రెండోది మెత్తబడి చప్పగా ఉంది. పట్టిన గాలం ఒకటే, నీళ్లు ఒకటే, చేప జాతి ఒకటే. తేడా అంతా చేపకు చలి ఎంత వేగంగా పట్టిందన్న దాంట్లోనే.

కారణం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. చేప కండలో ఎక్కువ భాగం నీరే. సున్నా నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య ఆ నీరు గడ్డకడుతుంది. ఈ దశ మెల్లగా సాగితే మంచు పలుకులు పెద్దవిగా పెరుగుతాయి. అవి కండ కణాల పొరలను దెబ్బతీస్తాయి. కరిగించినప్పుడు ఆ దెబ్బతిన్న కణాల్లోంచి రసం కారిపోయి కండ పీచుపీచుగా మిగులుతుంది. చలి ఒక్కసారిగా పట్టిందా, పలుకులు పెరగడానికి వ్యవధే ఉండదు. సన్నగా, కణాల పొరలకు పెద్దగా హాని చెయ్యకుండా ఉండిపోతాయి.

చేప చల్లబడాల్సింది బజారులో కాదు, ఇంట్లో కాదు, నీళ్లలోంచి తీసిన చోటే. లాబ్రడార్‌లో ఆ పని గాలి చేసిపెట్టింది. మన దగ్గర మనం చెయ్యాలి. ఈ గాథ మన గుడిబండ తాలూకా సోమేనహళ్ళి వాళ్లకు పనికొచ్చేది ఇక్కడే.

చలి ఉన్న చోటికీ లేని చోటికీ తేడా ఏమిటో కయాక్ పడవ చూపిస్తుంది. ఇప్పుడు లోకమంతా షోకుగా నడుపుతున్న ఈ పడవ పుట్టిందీ ఈ ఇన్యూట్ల, వాళ్ల బంధు జాతుల చేతుల్లోనే. కొట్టుకొచ్చిన కట్టెలతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దానికి సీల్ తోలు బిగించి కుట్టేవాళ్లు. ఒక్క మనిషి పట్టేంత సన్నటి పడవ. వాళ్లు తిరిగిన నీళ్లు ఎండాకాలంలోనూ చేయి పెడితే కొరికేంత చల్లన. పట్టిన వేట పాడవుతుందన్న బెంగ వాళ్లకు పెద్దగా లేదు. ఈ రోజు అదే ఆకారం ప్లాస్టిక్‌తో తయారై వేడి దేశాల నీళ్లలోకి వచ్చింది. గాలం వేసేవాళ్లు అందులో కూర్చుని గంటల తరబడి ఎండలో తిరుగుతారు. లోపల చేపల గది ఉండదు. కాళ్ల మధ్య పడేసిన చేప, కాగిన ప్లాస్టిక్ మీద ఉడికినంత పనవుతుంది. అందుకే తెలిసినవాళ్లు పడవ వెనక చలి నిలిచే సంచి ఒకటి కట్టుకుంటారు. అందులో ఐసు, కాసిని నీళ్లు. చేప గాలం నుంచి నేరుగా ఆ సంచిలోకే పోతుంది.

మన పుట్టివాడి కష్టం కూడా అచ్చంగా ఇదే.

గుడిబండ తాలూకా సోమేనహళ్ళి చుట్టుపక్కల ఏడాది పొడవునా పారే ఏరు లేదు. పెన్న, చిత్రావతి రెండూ మన నందికొండల దగ్గరే పుట్టినా, పారి పెరిగేది అనంతపురం వైపు పోయాకనే. మనకు దిక్కు చెరువులే. గుడిబండ భైరసాగరం మొదలు పల్లెల్లోని చిన్న కుంటల దాకా, వానలు బాగా పడి మరవ పారిన ఏడాది వాటిల్లో కట్ల, రోహు, మృగాల పిల్లల్ని వదులుతారు. వాటితోపాటు వద్దన్నా పెరిగేది జిలేబి చేప. ఎండాకాలం వచ్చి నీళ్లు తగ్గేకొద్దీ వేట ముమ్మరమవుతుంది. ఎండ ఎంత ముదిరితే చేప అంత ఎక్కువగా ఒడ్డుకొస్తుంది, అంత త్వరగా చెడుతుంది.

తెల్లారకముందే పుట్టి నీళ్లలోకి దిగుతుంది. పుట్టి లేనివాడు లారీ ట్యూబు మీదనో, థర్మాకోల్ అట్టల మీదనో పోతాడు. రాత్రి కట్టిన వల విప్పుకుంటూ, చిక్కిన చేపను పుట్టి అడుగున వేస్తూ పోతాడు. వల మొత్తం చూసుకుని ఒడ్డుకొచ్చేసరికి పొద్దెక్కుతుంది. మొదట తీసిన చేపకు అప్పటికే రెండు మూడు గంటల ఎండ తగిలి ఉంటుంది. పైగా ఆ చేపల్లో కొన్ని వలలో చిక్కి రాత్రే చచ్చినవి. కట్ట మీద తక్కెడ, చుట్టూ జనం.

"ఏమన్నా, ఎప్పుడు పట్టిండేది?"

"ఇప్పుడే అప్పా, తెల్లార్తోనే. మొప్ప ఎత్తి చూడు."

మొప్ప ఎత్తి చూడటం మంచి అలవాటే. ఎర్రగా, తడిగా ఉంటే తాజా. ఇటుక రంగుకు తిరిగి జిగట పట్టిందంటే చేప వయసు పైబడింది. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి గుంట పడకూడదు. వీపు మీద వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేవాలి. ఇవన్నీ మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. అయితే వాళ్లతో సహా మనందరిలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. ఐసు పెట్టిన చేప పాత చేప, ఐసు లేని చేపే తాజా చేప అని. దీన్ని నేను గట్టిగా కాదంటున్నాను. అమ్మేవాడు పుట్టిలో ఐసు పెట్టుకోకపోవడానికి కారణం ఖర్చొక్కటే అనుకోవడం సరికాదు. ఐసు కనబడితే కొనేవాళ్లు పక్కకు తిరుగుతారన్న భయం అంతకంటే పెద్దది.

బర్డ్స్‌ఐ ఎదుర్కొన్న గోడ కూడా ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన 1917లో ఆయన కుటుంబంతో స్వదేశం వచ్చేశాడు. కొన్నాళ్లకు చేపల వ్యాపారుల సంఘంలో ఉద్యోగం దొరికింది. రేవులో తాజాగా దించిన చేప ఊళ్లలోకి చేరేసరికి ఎలా తయారవుతోందో అక్కడ దగ్గరగా చూశాడు. 1923లో న్యూయార్క్‌లో సొంతంగా శీతల చేపల కంపెనీ పెట్టాడు. ఎవరూ కొనలేదు. గడ్డకట్టించిన చేప అంటేనే అమెరికా జనం ముఖం తిప్పుకునేవాళ్లు. వాళ్ల తప్పూ లేదు. అప్పటిదాకా వ్యాపారులు అమ్ముడుపోక మిగిలిన చేపను, వాసన మొదలయ్యాక, మెల్లగా గడ్డకట్టించి అమ్మేవాళ్లు. చలి ఆలస్యంగా తగిలిన చేప అది. పేరు చెడింది మాత్రం చలికే. కొద్దికాలానికే కంపెనీ దివాలా తీసింది.

ఆయన ఆగలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్లాస్టర్ చేపల రేవుకు మకాం మార్చాడు. ఇది నాకు బాగా నచ్చిన ఘట్టం. నగరంలో, కొనేవాళ్ల మధ్య ఓడినవాడు మళ్ళీ మొదలుపెట్టడానికి ఎంచుకున్న చోటు పడవలు ఒడ్డుకు చేరే రేవు. అక్కడ చేపను కోసి, ముక్కలను చిన్న అట్టపెట్టెల్లో సర్ది, గడ్డకట్టే స్థాయి కంటే ఎంతో కిందికి చల్లబరిచిన రెండు లోహపు పలకల మధ్య నొక్కి పెట్టాడు. పైనుంచీ కిందనుంచీ ఒకేసారి చలి. లాబ్రడార్ గాలి చేసిన పనిని యంత్రం చేసింది. 1929లో ఆ కంపెనీ, పేటెంట్లు కలిపి 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. 1930 మార్చి 6న స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని 18 దుకాణాల్లో ఇలా వేగంగా గడ్డకట్టించిన చేప, మాంసం, పచ్చి బఠాణీ మొదటిసారి సామాన్య జనం ముందుకు వచ్చాయి. ఈ విద్యను తాను కనిపెట్టలేదని, ఇన్యూట్లు తరతరాలుగా చేస్తున్నదేనని బర్డ్స్‌ఐ ఒప్పుకునేవాడు. 1956లో కన్నుమూశాడు.

మన సోమేనహళ్ళి చేపకు మైనస్ 40 అక్కర్లేదు. పొద్దున పట్టి సాయంత్రానికో మర్నాటికో వండుకునే చేపకు సున్నా డిగ్రీలు చాలు, అంటే మామూలు ఐసు. చేపను చెడగొట్టేవి దాని మొప్పల్లో, జిగురులో, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు, పొట్టలోని జీర్ణరసాలు. చేప బతికున్నంత సేపూ అదుపులో ఉండే ఇవి, ప్రాణం పోగానే కండ మీద పడతాయి. సున్నా డిగ్రీల దగ్గర వాటి పని నత్తనడక. 10 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు వేగం. మన ఏప్రిల్ ఎండల్లో ఇక చెప్పక్కర్లేదు. మంచినీటి చేపలకు ఇంకో అదృష్టముంది. వెచ్చటి నీళ్లలో పెరిగిన వీటి మీది సూక్ష్మజీవులకు చలి బొత్తిగా పడదు. అందుకే పట్టిన వెంటనే ఐసులో పెట్టిన రోహు, కట్ల వారం దాటినా తినడానికి బాగుంటాయి.

ఐసు ఎంత కావాలన్నది చెప్పుకుందాం. కిలో ఐసు కరగాలంటే 80 కిలోకెలోరీల వేడి పీల్చుకోవాలి. ఆ వేడిని అది చేపలోంచి లాక్కుంటుంది. 30 డిగ్రీలున్న కిలో చేపను సున్నాకు దించడానికి లెక్క ప్రకారం కిలోలో మూడో వంతు ఐసు సరిపోవాలి. కానీ పెట్టె గోడల్లోంచి, మూత తీసినప్పుడల్లా బయటి వేడి దూరుతుంది. అందుకే మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు అన్నది పాటించదగ్గ కొలత.

వేసే తీరు కూడా ముఖ్యమే. పెద్ద ఐసు గడ్డ మీద చేపను పడుకోబెడితే కింది వైపే చల్లబడుతుంది, పై వైపు ఎండకు కాగుతూనే ఉంటుంది. ఐసును గోనెసంచిలో వేసి కొట్టి నలగ్గొట్టాలి. పెట్టెలో నలిగిన ఐసు, కాసిని శుభ్రమైన నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి కలిపితే జావలాగా అవుతుంది. చేప అందులో మునిగితే అన్ని వైపుల నుంచీ చలి ఒకేసారి పడుతుంది. ఒళ్ళంతా చల్లబడ్డాక నీళ్లు వంచేసి, వరస చేప, వరస ఐసు పేర్చుకోవాలి. కరిగిన నీళ్లలోనే రోజంతా నానబెడితే రుచి పోతుంది.

అంతకుముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. బతికున్న పెద్ద చేపను తలమీద ఒక్క దెబ్బతో చంపి, మొప్పల దగ్గర కత్తితో గాటు పెట్టి నెత్తురు కారనివ్వాలి. కొట్టుకుని కొట్టుకుని చచ్చిన చేప కండ త్వరగా బిగుసుకుంటుంది, త్వరగా మెత్తబడుతుంది. నెత్తురు నిలిచిన కండ నల్లబడి నీచువాసన వేస్తుంది. గాటు పెట్టిన చేప కండ తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఒకే పొద్దు పట్టిన రెండు చేపలను ఒకటి ఇలా, ఒకటి అలా చేసి, సాయంత్రం పక్కపక్కన కోసి చూడండి.

ఐసు దొరకని పల్లెలో ఏం చెయ్యాలి? నీళ్లసీసాలో ఉప్పునీళ్లు ముప్పావు వంతు పోసి రాత్రి ఫ్రీజరులో పెట్టుకున్నా తెల్లారేసరికి చిన్నపాటి ఐసుగడ్డ తయారు. నాలుగైదు సీసాలు, పాత థర్మాకోల్ పెట్టె ఒకటి ఉంటే పుట్టిలో సరిపోతుంది. అదీ లేకపోతే తడి గోనెపట్టా. సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తడిపట్టా అంత పనిచెయ్యదు. మనది పొడి గాలి. నీడలో తడిపట్టా కప్పి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లుతుంటే లోపలి వేడి బాగానే తగ్గుతుంది. ఐసుకు సాటి రాదు గానీ ఒట్టి ఎండకంటే ఎంతో మేలు.

చలి విషయంలో ఏమరితే ఏమవుతుందో తెలుగు నేల ఒకసారి చూసింది. కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా రోజుల తరబడి ప్రయాణం చేస్తుంది. 2018 జూన్‌లో కేరళ ఆహార భద్రతా శాఖ 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో చెక్‌పోస్టుల దగ్గర లారీలు ఆపి, ఫార్మలిన్ కలిసిన చేపను టన్నుల లెక్కన పట్టుకుంది. జులైలో అస్సాం ప్రభుత్వం అదే కారణం చూపి ఆంధ్రప్రదేశ్ చేపల మీద పది రోజుల నిషేధం పెట్టింది. ఫార్మలిన్ శవాలు చెడకుండా వాడే మందు. అందులోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఐసు మీద ఆదా చెయ్యాలనుకున్న ఎవరో కొందరి పని, నిజాయితీగా చేప పెంచిన వేలమంది రైతుల నోటికాడి కూడు మీదికి వచ్చింది.

మన చెరువుల వేట అంత పెద్ద వ్యాపారం కాదు. పరిష్కారం కూడా చిన్నదే, చేతికందేదే. 2020 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె బిగించిన సైకిలుకూ, మోటరు సైకిలుకూ, ఆటోకూ, చిన్న ఐసు కర్మాగారానికీ సాయం పెట్టారు. యూనిట్ ఖర్చులో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ ప్రకటించారు. చెరువు వేలం పాడుకున్నవాళ్లు, మత్స్యకారుల సంఘాలు ఇప్పుడు ఏ సాయం అందుతోందో తాలూకా మత్స్య శాఖ ఆఫీసులో కనుక్కుని దరఖాస్తు అడగాలి. గ్రామ పంచాయతీలు చెరువు గుత్తకిచ్చేటప్పుడే పుట్టిలో ఐసు పెట్టె ఉండాలన్న షరతు రాసుకోవచ్చు.

కొనేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కట్ట మీద ఐసు పెట్టెలోంచి తీసిన చేపను చూసి "పాత చేప" అని తోసెయ్యకండి. ఐసు ఉందా అని అడగడంతో ఆగకుండా, ఎప్పుడు వేశావన్నా అని అడగండి. "పుట్టిలోనే వేసినా అప్పా" అన్నవాడి దగ్గర కొనండి, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.